నాణేల ఏడు

ఎర్మిందో రోల్దాన్ తిరిగొచ్చిన నెలలోపే పాసో తింబో ఊరు అతనికి కొత్త పేరు పెట్టేసింది. గ్రీకోడు. చిన్నప్పుడు ఇదే ఊళ్ళో అతన్ని కొంగ అనేవాళ్ళు, కాళ్ళు పొడుగని. అలా పిలిచినవాళ్ళలో సగంమంది నది ఒడ్డు శ్మశానానికి చేరారు. మిగిలినవాళ్ళు మర్చిపోయారు.

"గ్రీసులో ఉన్నన్నాళ్ళూ నన్ను అర్జెంటీనావాడనే అన్నారు దెలీసియక్కా," అన్నాడొకరోజు క్లబ్బు వంటింటి కిటికీకి ఆనుకుని. "ఇక్కడికొచ్చేసరికి గ్రీకోణ్ణయ్యాను. మధ్యలో విమానంలో కూర్చున్న కాసేపే నేను ఎర్మిందోని."

"పేరు పెట్టారంటే మనిషిని లెక్కలోకి తీసుకున్నట్టే నాయనా," అంది దెలీసియా గిన్నెలు తోముతూ. "నన్ను చూడు. జుట్టు నెరిసేదాకా వీళ్ళకి వండిపెట్టాను. 'అక్కా, ఇంకో ప్లేటు' అనడమే గానీ ఒక్క ముద్దుపేరు పెట్టిన పాపాన పోలేదు."

సెంట్రల్ తింబో క్లబ్బుకి ఉన్న ఆస్తల్లా నది వైపు కాస్త వాలిన ఆటస్థలం, రేకుల కప్పు వేసిన ఓ పొడుగాటి గది. ఆ గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర, మధ్యాహ్నం కునుకు తీసి లేచిన నలుగురు రోజూ త్రుకో అనే పేకాట ఆడేవాళ్ళు. పడవ రేవులో పనిచేసి మానుకున్న వాస్కో, మంగలి కొట్టు బోడి ఒక జట్టు. మంగలికి తలమీద ఒక్క వెంట్రుకా లేకపోవడం ఊరికి ఎప్పటికీ పాతబడని హాస్యం. రెండో జట్టు నెలీదో, ముసలి లుచో. లుచో ఆ ఎండాకాలంలోనే పోయాడు. పోయినవాడి కుర్చీని బల్లకి ఆనించి ముందుకు వాల్చి పెడతారక్కడ. మిగిలిన జోడీదారు "సరిచెయ్" అనేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఎర్మిందో వారాల తరబడి ఆ వాల్చిన కుర్చీ వెనకాల నిలబడి ఆట చూశాడు. చివరికి నెలీదో తలెత్తకుండానే అన్నాడు: "పోస్టు స్తంభంలా ఎంతసేపు నిలబడతావురా? కుర్చీ సరిచేసుకో."

ఎర్మిందో కుర్చీ కాళ్ళు నేలకి ఆనించి కూర్చున్నాడు. ఎన్నో దేశాల్లో ఎన్నో క్లబ్బుల వాళ్ళు అతనికి కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఏ కుర్చీ కోసమూ ఇన్ని వారాలు నిలబడి ఎదురు చూడలేదు.

ఒకప్పుడు వాళ్ళిద్దరూ సెంట్రల్ తింబో ఫుట్‌బాల్ జట్టుకి వెనక వరస. కుడివైపు ఎర్మిందో, ఎడమవైపు నెలీదో. అవతలి జట్టువాణ్ణి ఆఫ్‌సైడ్‌లో ఇరికించాలంటే ఇద్దరూ ఒకే క్షణంలో ముందుకి అడుగెయ్యాలి. ఒకడు అరక్షణం ఆలస్యమైతే గోలు. వాళ్ళెప్పుడూ అరిచి చెప్పుకోలేదు. నెలీదో కనుబొమ్మ ఎగరేస్తే చాలు, ఎర్మిందో కాలు దానంతటదే లేచేది. పక్క ఊరితో మ్యాచ్‌కి రాజధాని నుంచి వచ్చిన ఓ పెద్దమనిషి అది చూసి, ఇద్దరినీ కలిపి గ్రీసు తీసుకెళ్తానన్నాడు. బయల్దేరే రోజు ఎర్మిందో పెట్టెతో బస్సు దగ్గరికొచ్చాడు. నెలీదో వేడినీళ్ళ ఫ్లాస్కు, మాతే ఆకు కషాయం తాగే సొరబుర్ర మాత్రం పట్టుకుని వచ్చాడు.

"నీ పెట్టేదిరా?"

"ఇద్దరం పోతే ఎడమవైపు ఎవడు కాస్తాడు?" అన్నాడు నెలీదో. బుర్రలో ఆకు మీద నీళ్ళు పోసి, గొట్టం అతనివైపు తిప్పి ఇచ్చాడు. "తాగు. బస్సువాడు తొందరపడతాడు."

అంతే. వాళ్ళ మధ్య అంతకుమించి వీడ్కోలు లేదు.

తీసుకెళ్ళింది ఉత్తర గ్రీసులో ఓ పొగాకు ఊరికి. ఎర్మిందో అక్కడ బాగానే ఆడాడు. జనం అతని పేరుకి తాళం కట్టి పాడేవాళ్ళు కూడా. కానీ పక్కన ఆడేవాడు అరిచిన మాట చెవిలో పడి, అర్థమై, కాలిదాకా దిగేలోపు బంతి వెళ్ళిపోయేది. భాష వచ్చాకైనా ఆ ఆలస్యం పూర్తిగా పోలేదు. పరాయి దేశంలో బతకడమంటే ఇదేనేమోనని తర్వాత్తర్వాత అనుకునేవాడు: అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వడం. బయటివాళ్ళకి కనపడదు ఆ క్షణం. దాన్ని మోసేవాడికి మాత్రం బరువే.

కాళ్ళు అరిగాక కోచ్ అయ్యాడు. సైప్రస్‌లో కొన్నాళ్ళు, ఎడారి దేశాల్లో కొన్నాళ్ళు. అక్కడ ప్రతిచోటా ఒక దుబాసీ. ఇతను చెమటలు కక్కుతూ అరగంట చెప్పింది దుబాసీ రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. ఇతను రెండు ముక్కలు చెబితే దుబాసీ చాలాసేపు ఏదో చెప్పేవాడు, ఆటగాళ్ళంతా పగలబడి నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వారో ఏనాడూ తెలియలేదు. ఓసారి క్లబ్బు పెద్ద ఒకాయన పిలిచి, "నీకు భయం వేస్తే గ్యాలరీలో ఆఖరి వరసవాడికి కూడా తెలిసిపోతోందయ్యా. మొహం కాస్త కట్టుకో," అన్నాడు. ఎర్మిందో ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు మొహం కదలకుండా ఉంచడం సాధన చేశాడు, కుర్రతనంలో ఎడమకాలితో తన్నడం సాధన చేసినట్టే. గోలు పడ్డా, గోలు వేసినా ఒకే మొహం. పత్రికలవాళ్ళు దాన్ని గాంభీర్యమన్నారు. గ్రీకు భార్య మాత్రం, "నీతో కాపురం తలుపు గడియతో మాట్లాడినట్టుంది," అని చెప్పి ఓ రోజు పుట్టింటికి వెళ్ళిపోయింది.

కూతురు దెస్పినా ఆదివారాలు ఫోన్లో కనిపిస్తుంది. మాట్లాడేది గ్రీకులోనే. మధ్యలో ఆగి అడుగుతుంది: "నాన్నా, తెర ఆగిపోయిందా?"

"లేదమ్మా. వింటున్నా."

త్రుకో ఆటలో జోడీదారులు ఎదురెదురుగా కూర్చుంటారు. చేతిలో ఏముందో నోటితో చెప్పకూడదు, మొహంతో చెప్పుకోవచ్చు. కనుబొమ్మలు ఎగరేస్తే కత్తుల ఆసు, అన్నిటికన్నా పెద్ద ముక్క. కన్ను కొడితే కర్రల ఆసు. మూతి కుడికి తిప్పితే కత్తుల ఏడు, ఎడమకి తిప్పితే నాణేల ఏడు, ఇవీ ఆ తర్వాతి పెద్ద ముక్కలే. కళ్ళు రెండూ మూస్తే చేతిలో ఏమీ లేదు, నన్ను నమ్ముకోకు అని. సైగ కనురెప్పపాటులో అయిపోవాలి. ఎదుటి జట్టువాడు దొంగచూపు చూస్తే అది వాడి తెలివి. వాస్కో అయితే సిగ్గూ శరమూ లేకుండా మెడ సాచి మరీ చూస్తాడు.

ఇదంతా ఎర్మిందో చిన్నప్పుడే నేర్చిన విద్య. ఇప్పుడు రావడం లేదు. నెలీదో ఎప్పుడు కనుబొమ్మ ఎగరేస్తాడో అతను పట్టుకోలేకపోతున్నాడు. పట్టుకున్నా నిజంగానే ఎగరేశాడా, దురద పుట్టిందా అని తేల్చుకునేసరికి ముక్క పడిపోతోంది. ఇక తను సైగ చెయ్యబోతే మొహం సాగడం లేదు. కన్ను కొట్టాననుకుంటాడు. అవతల నెలీదో ఇంకా చూస్తూనే ఉంటాడు.

"వీడి మొహం మీద గుడ్డు అట్టేసినా కదలదురోయ్," అనేవాడు బోడి. "నా కొట్టుకి రా గ్రీకోడా. గీస్తుంటే తెగినా తెలియని గిరాకీ నువ్వొక్కడివే."

ఓటమి మీద ఓటమి. పాయింటుకో గింజ చొప్పున వేసే చిన్న డబ్బా వాస్కో వైపే నిండేది. ఒకరోజు ఆట అయ్యాక వాస్కో ఎర్మిందో ఎదుటే అనేశాడు.

"నెలీదో, నీకు మాతో ఆడాలనుందా, ఈ విగ్రహానికి పూజ చెయ్యాలనుందా? రొట్టెల కొట్టు మార్సియాల్ ఖాళీగానే ఉన్నాడు. వాడికి మొహం తప్ప ఇంకేమీ లేదు."

నెలీదో ముక్కలన్నీ కలిపి కట్ట పక్కన పెట్టాడు. "చలికాలం రానియ్," అన్నాడు చివరికి. "అప్పటికీ కుదరకపోతే కుర్చీ వాలుద్దాం."

ఆ మాట ఎర్మిందో లోపల ఎక్కడో దిగింది. క్లబ్బులు అతన్ని తీసేశాయి, దేశాలు పంపించేశాయి. ప్రతిసారీ ఇంకో క్లబ్బు, ఇంకో దేశం ఉండేవి. ఈ కుర్చీ పోతే తర్వాత వెళ్ళడానికి చోటు లేదు. తన సొంత అక్క పోతూ వదిలివెళ్ళిన గదిలో మళ్ళీ అద్దం ముందు నిలబడ్డాడు. ఈసారి మొహాన్ని విప్పడానికి. మూతి ఎడమకి, మూతి కుడికి. తుప్పు పట్టిన కిటికీలా కిర్రుమన్నట్టనిపించేది. కాస్త కాస్త కదిలింది.

అక్కడ చలి జూన్‌లో దిగుతుంది. దానికి ముందే, మే నెలలో, పెద్ద వాన పట్టింది. వాన పడితే అక్కడ పిండి వేపుడు రొట్టెలు చెయ్యాల్సిందే. దెలీసియా వంటింట్లో కొవ్వు మరుగుతోంది, రేకుల మీద వాన మోతకి మాట మాటకీ అరవాల్సి వస్తోంది. నెలీదో ఆరోజు ఎందుకో మందకొడిగా ఉన్నాడు. మాతే అందుకోబోయి బుర్ర ఒలకబోసుకున్నాడు.

"ముసలాడివైపోతున్నావురా," అన్నాడు బోడి బల్ల తుడుస్తూ.

ఆట విచిత్రంగా సాగింది. ఎర్మిందో జట్టుకి ముక్కలు కలిసొచ్చాయి. ఆఖరి పంపకానికి రెండు వైపులా గింజలు సమానం. మూడు పట్టుల్లో రెండు గెలవాలి. మొదటిది ఎర్మిందో వేసిన మూడుతో వీళ్ళకే వచ్చింది. చేతిలో ఇక పనికొచ్చే ముక్క లేదు. నెలీదో దగ్గర ఒక్క పెద్ద ముక్క ఉంటే చాలు, ఆట వీళ్ళదే. తల ఎత్తి చూశాడు.

నెలీదో మూతి ఎడమకి తిరిగింది.

నాణేల ఏడు! ఎర్మిందో దాన్ని చూశాడు. అరక్షణం ఆలస్యం లేకుండా, అనువాదం లేకుండా, సూటిగా. బస్సెక్కిన రోజునుంచి ఇంతవరకూ ఏ మనిషి మొహమూ అతనికి అంత తేలిగ్గా అర్థం కాలేదు. కుర్రతనంలో కాలు దానంతటదే లేచినట్టు, పందెం పెంచే మాటకి నోరు దానంతటదే తెరుచుకుంది.

"త్రుకో!"

వాస్కో అతని వంక అనుమానంగా చూశాడు. "గ్రీకోడికి గొంతుందిరోయ్! సరే, నేను పెంచుతున్నా. రెత్రుకో!"

ఎర్మిందో మళ్ళీ నెలీదోని చూశాడు. మూతి ఇంకా ఎడమవైపే ఉంది. చాలురా, చూశాను, ఇక సర్దుకో, వాస్కోగాడు పసిగడతాడు అనుకున్నాడు లోలోపల, నవ్వు ఆపుకుంటూ. నెలీదో సైగ ఎన్నడూ కనురెప్పపాటు దాటదని, ఆ సంగతి తనకి అందరికన్నా బాగా తెలుసునని ఆ సంతోషంలో గుర్తు రాలేదు.

"నాలుక్కి పెంచుతున్నా!" బల్ల మీద గుద్దాడు ఎర్మిందో.

బోడి, వాస్కో తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడారు. బోడి సిగరెట్టు వెలిగించుకున్నాడు. తడిసిన అగ్గిపుల్ల ఒకటి పారేసి ఇంకోటి గీశాడు. వాస్కో తన ముక్కల్ని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. "ఒప్పుకున్నాం. పడెయ్యండి," అన్నాడు.

"వెయ్యి నెలీదో," అన్నాడు ఎర్మిందో. "చూపించు వీళ్ళకి."

నెలీదో కుడిచేతిలోంచి ముక్కలు జారి బల్ల మీద వెల్లకిలా పడ్డాయి. ఒక నాలుగు, ఒక అయిదు, ఆటలోకెల్లా చిన్న ముక్కలు.

వాస్కో ముక్కల మీదికి వంగి చూశాడు. తర్వాత బోడి కుర్చీలో వెనక్కి పడి నవ్వాడు. "సొంత జోడీదారుకే దొంగ సైగ చేశాడ్రా! నెలీదో, నీ కాళ్ళు కడిగి నీళ్ళు చల్లుకోవాలి!" వాస్కో బల్ల బాదుతూ నవ్వాడు. ఎర్మిందో కూడా నవ్వాడు. మోసపోయినందుకు, ఆటలో ఓడినందుకు, ఇన్నాళ్ళకి అందరితో పాటు సరిగ్గా ఒకే వేళకి నవ్వినందుకు.

రొట్టెల పళ్ళెంతో వచ్చిన దెలీసియాకి త్రుకో రాదు. ఆమె నెలీదో మొహంలో ముక్కలు వెతకలేదు.

"ఓరి మీ నవ్వులు తగలెయ్య! ఆ మనిషి మొహం చూడండ్రా!"

మట్టిరోడ్డు బురదై అంబులెన్సు రావడానికీ, పెద్ద ఊరు చేరడానికీ చాలాసేపు పట్టింది. ఎర్మిందో వెనక కూర్చుని నెలీదో కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి తిరిగి పట్టుకోలేదు. ఆసుపత్రిలో ఓ డాక్టరమ్మ, చిన్న వయసుది, బయటికొచ్చి అడిగింది: "ఎప్పుడు మొదలైందో ఎవరైనా చూశారా?"

"నేను చూశాను," అన్నాడు ఎర్మిందో. "త్రుకో అన్నప్పుడు."

"అంటే?"

"మూతి తిరిగింది. నేను త్రుకో అన్నాను. తర్వాత పెంచారు. తర్వాత నేను పెంచాను. అగ్గిపుల్ల వెలగలేదు..." అని ఆగిపోయాడు.

డాక్టరమ్మ అతని మొహంలోకి చూసింది. ఏమీ కనపడినట్టు లేదు. "మీకు ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. కాసేపటికి అతనే, తొందరగా తెచ్చుంటే తేడా ఉండేదా అని అడిగాడు. ఆమె భుజాలు ఎగరేసింది. "ఆ కాసేపు సంగతి ఎవరూ చెప్పలేరు సార్. దారే అంత పొడుగు."

నెలీదో బతికాడు. మాట పోయింది, కుడివైపు పోయింది, మూతి ఎడమకే ఉండిపోయింది. ఇంటికి తెచ్చారని ఊరంతా వెళ్ళి చూసొచ్చింది. ఎర్మిందో వెళ్ళలేదు. క్లబ్బుకీ రాలేదు. సాయంత్రాలు ఆటస్థలం చివర, నది వైపు గోలు స్తంభాల దగ్గర నిలబడేవాడు. పరాయి దేశాల్లో ఎన్నో మొహాలు అర్థం కాకుండా పోయాయి, వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అర్థమైందనుకుని సంబరపడిన ఒకే ఒక్క మొహం ఇది.

ఓ పొద్దున నెలీదో భార్య తెల్మా స్వయంగా వచ్చి తలుపు కొట్టింది. చేతిలో బజారు సంచి.

"చుట్టానివా, పిలుపు పంపితేగానీ రావా?"

"ఎలా రాను వదినా? ముందు చూసింది నేనే. సైగనుకున్నాను."

"తెలుసు. ఊరందరికీ తెలుసు. బోడిగాడు ఏడుస్తూ చెప్పాడు." తెల్మా సంచి కింద పెట్టింది. "ఆ పొద్దున లేస్తూనే కుడిచెయ్యి తిమ్మిరిగా ఉందన్నాడు. నేనేం చేశానో తెలుసా? వానకి పట్టేసిందిలే అని నూనె రాశాను. రాసి, కోటు తొడిగి, ఆడుకోమని పంపించాను." ఆమె కొంగలా పొడుగ్గా నిలబడ్డ మనిషిని కిందనుంచి పైకి చూసింది. "నేను రోజూ ఆ మొహం చూస్తూనే ఉన్నాను. నువ్వూ రా. పేకకట్ట తీసుకురా. గోడకేసి చూస్తూ చచ్చిపోతున్నాడు మనిషి."

ఆ మధ్యాహ్నం నుంచి ఆట నెలీదో వంటింట్లోకి మారింది. వాస్కో పాత పడవ చెక్కలో గాడి తొలిచి తెచ్చాడు, ముక్కలు నిలబెట్టుకోవడానికి. నెలీదో ఎడమచేత్తో ముక్క తీసి వేసేవాడు.

"ఇది అన్యాయం," అన్నాడు బోడి మొదటిరోజే. కళ్ళు తడిగానే ఉన్నాయి. "ఈయన చేతిలో పొద్దస్తమానం నాణేల ఏడే!"

నెలీదో సగం మొహంతో, గొంతులో ఈల వేసినట్టు నవ్వాడు. ఆ తర్వాత ఓసారి నిజంగానే నాణేల ఏడు వస్తే, సైగ ఎలా చెయ్యాలో తోచక వేలితో మూతిని సరిగ్గా మధ్యకి తోశాడు. వాస్కోతో సహా అందరికీ అర్థమైపోయింది. ఆ పట్టు పోయింది గానీ తెల్మా పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి నవ్వడం ఎర్మిందో చూశాడు.

ఎర్మిందో ఇప్పుడు ఒక్క సైగ కూడా వదల్లేదు. ముక్కలు చూసుకోవడమే మర్చిపోయి ఆ మొహాన్నే చూసేవాడు. కనుబొమ్మ కదిలితే పట్టుకున్నాడు, కన్ను కొడితే పట్టుకున్నాడు. జోడీగా వాళ్ళు ఇంత బాగా ఎన్నడూ ఆడలేదు. గింజలు వీళ్ళ వైపు నిండాయి. కళ్ళు రెండూ మూసినప్పుడు మాత్రం, చేతిలో ఏమీ లేదని తెలిసినా, అవి మళ్ళీ తెరుచుకునేదాకా ఎర్మిందో ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు.

ఆగస్టులో, చలి చివర్లో, పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి దారి పొడుగు ఎంతైనా ఒకటే అయింది. తెల్మా పక్కనుండగా, తెల్లవారి కిటికీ తీసే వేళకి నెలీదో పోయాడు.

ఊరి ఆచారం ప్రకారం క్లబ్బు గదిలోనే పెట్టెను ఉంచారు. మీద క్లబ్బు ఆకుపచ్చ, తెలుపు జెండా. దెలీసియా అందరికీ కాఫీ పోస్తోంది. కిటికీ పక్క బల్ల దగ్గర నెలీదో కుర్చీని వాస్కో అప్పటికే ముందుకి వాల్చి పెట్టాడు. దాన్ని సరిచెయ్యమనాల్సింది ఇక ఎర్మిందోనే. ఎప్పుడో, ఎవరితోనో. ఆ మాట అనగలడని అతనికి అనిపించలేదు.

మూతకి మేకులు కొట్టేముందు జోడీదారు వచ్చి చూడాలి. ఎర్మిందో వెళ్ళి వంగాడు. ఎవరు సర్దారో, మూతి సరిగ్గా ఉంది. కళ్ళు రెండూ మూసి ఉన్నాయి.

అతను చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత, విమానాశ్రయాల్లో, విడాకుల కోర్టు గదిలో, ఓడిన మైదానాల్లో ఎన్నడూ కదలని ఆ మొహం కదిలింది. మూతి మెల్లగా ఎడమకి తిరిగింది. కనురెప్పపాటు మాత్రమే. ఏడుపు ఆపుకుంటున్నాడనుకున్నారు చాలామంది.

అది నాణేల ఏడని పెట్టెకి అవతలి పక్కన నిలబడ్డ వాస్కోకి అర్థమైంది. జీవితమంతా మెడ సాచి ఎదుటివాళ్ళ సైగలు దొంగిలించిన ఆ మనిషి, టోపీ చేత్తో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకున్నాడు.